మంగళం లేని నాటకం

నా నాటకంలో చచ్చిపోయిన మనిషిని లేపి మళ్ళీ పాడించారు. అది అన్యాయం. ఆ సాయంత్రం నందిగామ స్టేజీ మీదే అన్నాను, ఇప్పుడూ అంటున్నాను.

ఈరోజుల్లో నాటకాలకి కీబోర్డు వాయిస్తున్న కుర్రవాళ్ళు ఇది చదివి, "పాడితే ఏమైందండీ, బాగుంటే మళ్ళీ పాడమంటారు గదా" అనుకోవచ్చు. మీరు ఆలోచిస్తున్నది పాట గురించి. నేను చెబుతున్నది చావు గురించి. కాస్త ఓపిక పట్టండి. ఈ సంగతి మీద చాలా ఏళ్ళ తర్వాత నాకొక జవాబు వచ్చింది. దాన్నీ దాచకుండా చివర్లో రాస్తాను.

నేను హార్మోనిస్టును. ఉద్యోగమంటే నెలజీతమూ పింఛనూ అనుకుంటే నాది ఉద్యోగం కాదు. కానీ జగ్గయ్యపేట నుంచి కీసర దాకా ఏ ఊళ్ళో పద్యనాటకం ఆడినా, స్టేజీకి కుడిపక్క బల్ల మీద కూర్చుని వేషగాళ్ళకి శ్రుతి అందించింది చాలాకాలం నేనే. చిన్నప్పుడే బడి మానేశాను. ఆ తర్వాత చదివిందంతా జగ్గయ్యపేట లైబ్రరీలోనూ, బస్టాండు బెంచీల మీదా. పెళ్ళి చేసుకోలేదు. ఒక గది, ఒక కిరసనాయిలు స్టవ్వు, ఒక హార్మోనియం. నాటకం లేని రోజుల్లో మాట్లాడటానికి మనిషి ఉండేవాడు కాదు గనక పుస్తకాలు చదివాను. అంతకుమించి గొప్పేం లేదు.

మా పనిలో ఒక ఆచారం ఉంది. వేషగాడు పద్యం బాగా లాగితే జనం "వన్స్ మోర్" అంటారు. అన్న వెంటనే హార్మోనిస్టు మళ్ళీ ఎత్తుకోవాలి. పాడినవాడు బతికున్నా, చచ్చిపోయినా సరే. చచ్చిపోతే లేచి, పంచె సర్దుకుని, జనానికి దణ్ణం పెట్టి, అదే పద్యం పాడి మళ్ళీ పడుకోవాలి. కొడుకు శవం మీద పడి ఏడుస్తున్న తల్లి ఈలలు వినపడగానే ముఖం వెలిగించుకుని, నమస్కారం చేసి, తిరిగి ఏడుపులో పడేది. శవం కూడా ఒక కన్ను తెరిచి జనం ఎంతమందో చూసుకునేది. ఇవన్నీ అయ్యాక మంగళం. చచ్చినవాళ్ళూ చంపినవాళ్ళూ ఒకే వరసలో నిలబడి మంగళహారతి పాడాలి. మంగళం లేకుండా తెర దించితే ఆడించినవాడికి అరిష్టం.

నా చేత్తో ఎన్ని శవాల్ని లేపానో చెప్పలేను. లేపిన ప్రతిసారీ లోపల ఒళ్ళు మండేది. ఒక్కసారి, నా జన్మలో ఒక్కసారి, స్టేజీ మీద చచ్చిపోయిన మనిషి చచ్చిపోయే ఉండాలి అనిపించేది. ఆ తర్వాత జనం ఏం చేస్తారో చూడాలి. ఏడుస్తారో, చెప్పులేసుకుని ఇంటికి పోతారో, నాకు తెలియాలి.

తొంభైల మొదట్లో లైబ్రరీలో ఒక పుస్తకం దొరికింది. అట్ట లేదు, మొదటి పేజీలు లేవు. ఎవరు రాశారో, ఎవరు తెలుగు చేశారో ఇప్పటికీ తెలియదు. పూర్వం గ్రీకు దేశంలో ఆడిన విషాద నాటకాల కథలు. అందులో ఒక కథ నన్ను పట్టుకుంది. అన్నదమ్ములిద్దరు రాజ్యం కోసం కొట్టుకుని ఇద్దరూ చస్తారు. కొత్త రాజు ఒకడికి దహనం జరిపిస్తాడు. రెండోవాడు ఊరి మీదికి దండెత్తి వచ్చాడు గనక వాడి శవాన్ని కుక్కలకి వదిలేయాలని, ఎవరైనా మట్టి వేస్తే చంపుతానని చాటింపు వేయిస్తాడు. వాళ్ళ అక్క, చెల్లెలు భయపడి రానంటే, ఒక్కతే వెళ్ళి తమ్ముడి మీద గుప్పెడు మట్టి వేస్తుంది. రాజు ఆమెను కొండగుహలో పెట్టి రాళ్ళతో మూయిస్తాడు. తర్వాత మనసు మార్చుకుని గుహ తెరిపిస్తాడు. అప్పటికి ఆమె లేదు. అంతే కథ. దేవుడు ప్రత్యక్షం కాడు. ఎవరూ లేవరు.

అదే పుస్తకంలో ఇంకొక మాట ఉంది. విదేశాల్లో ఇలాంటి కథలని ఒక్క వచనం ముక్క లేకుండా మొదటినుంచి చివరిదాకా పాటగానే ఆడతారట. దాన్ని ఒపేరా అంటారట. అది చదివి నేను బెంచీ మీంచి లేచి, బయటికొచ్చి, తుమ్మచెట్టు కింద చాలాసేపు నిలబడ్డాను. చెప్పుకోవడానికి ఎవరూ లేరు. టీ కొట్టాయనకి చెప్పాను. "మంచిది మాస్టారూ, టీ ఇయ్యనా?" అన్నాడు.

ఆ నాటకం రాసి, వరసలు కట్టడానికి నాకు కొన్నేళ్ళు పట్టింది. పక్కింటివాళ్ళు గోల పెట్టడంతో హార్మోనియం భుజాన వేసుకుని వేదాద్రి పోయేవాణ్ణి. రేవు మెట్ల మీద, స్నానాలవాళ్ళు వెళ్ళిపోయాక, మధ్యాహ్నప్పూట కూర్చుని కట్టుకునేవాణ్ణి. అక్కడా ఎవరూ ఉండరు. కృష్ణ మాత్రం ఉండేది.

అక్క చివరి పాట దగ్గర చాన్నాళ్ళు ఆగిపోయాను. శోకమంటే మావాళ్ళకి ముఖారి రాగం. ముఖారి ఎత్తుకోగానే జనానికి తెలిసిపోతుంది, ఇక్కడ ఏడవాలని. నాకు అది వద్దు. ఒకరోజు రేవులో ఒకామె తడిబట్టలతోనే చంటిపిల్లను ఒళ్ళో వేసుకుని నిద్రపుచ్చుతోంది. నోట్లో మాటలు లేవు, కూనిరాగం. అప్పుడు తెలిసింది. నీలాంబరి. జోలపాట రాగం. గుహలో ఒంటరిగా ఉన్న మనిషికి జోలపాడే దిక్కెవరు? తనకి తనే పాడుకోవాలి. పాడుతూ పాడుతూ గొంతు సన్నగిలి, ఒక స్వరం మధ్యలో ఆగిపోవాలి. ఆ తర్వాత హార్మోనియం లేదు, తబలా లేదు. రాజు వస్తాడు. నాటకమంతా గొంతు చించుకుని పాడిన రాజు ఆమెను చూసి నోరు తెరుస్తాడు. శబ్దం రాదు. తెర.

మంగళం లేదు.

ఇది మొదట వినిపించింది పంతులుగారికి. నందిగామ హైస్కూల్లో తెలుగు చెప్పేవాడు, రాజు వేషాలకి పెట్టింది పేరు. నాకున్న స్నేహితుడంటే ఆయనే. వాళ్ళ వరండాలో మొత్తం పాడి వినిపించాను.

"ఏమయ్యా, రాజుకి ఆఖర్న పద్యం లేదా?" అన్నాడు.

"లేదు."

"ఒక్కటి కూడానా?"

"నోరు తెరుస్తావు. అంతే."

"పాతికేళ్ళ నుంచి నాకు శ్రుతి అందిస్తా ఉన్నావు. ఇవాళ నా నోరు మూయించటానికి గ్రీకు దేశం దాకా పొయ్యొచ్చావన్నమాట" అని నవ్వాడు. తర్వాత లోపలికి చూసి, "ఏమేవ్, రెండు కాఫీలు పట్రా. ఈయన నన్ను చంపకుండానే చంపాడు" అన్నాడు. ఒప్పుకున్నట్టే.

ఆడించడానికి ముందుకొచ్చింది పత్తిమిల్లు ఆసామి. అక్కడి కళాసమితికి ఆయనే ప్రెసిడెంటు. మంచివాడే. కళ అంటే ఇష్టమూ ఉంది, భయమూ ఉంది.

"ఒపేరా అంటే ఏందండీ మాస్టారూ? సర్కస్సు లాంటిదా?"

"పాటలతోనే ఆడే నాటకమండీ."

"మనయ్యీ పాటలతోనే ఆడతారుగా."

"మధ్యలో మాటలుండవు."

"అయితే తొందరగా అయిపోద్ది. మంచిదే. రాత్రంతా కూర్చునే రోజులు పొయినయ్యి. పొద్దుండగా మొదలెట్టి టీవీ సీరియల్ టయానికి లేపెయ్యండి."

రిహార్సల్సుకి మిల్లు గోడౌను ఇచ్చాడు. పత్తి బోరేల మధ్య ఎంత గట్టిగా పాడినా గొంతు నాలుగడుగులు దాటదు. అక్కడ పాడి పాడి మావాళ్ళు ఒకళ్ళనొకళ్ళు వినడం నేర్చుకున్నారు. అదొక్కటీ ఆ మిల్లు చేసిన మేలు.

గ్రీకు నాటకంలో ఊరి పెద్దల గుంపు ఒకటి ఉంటుంది. జరిగేదాని మీద పాటలు పాడుతూ ఉంటుంది. దానికి కీసర నుంచి భజన బృందాన్ని పట్టుకొచ్చాను. అందరూ రైతులే. తాళంలో వంక పెట్టడానికి లేదు. కానీ ప్రతి చరణం చివరా వాళ్ళకి తెలియకుండానే "గోవిందా" అని పడేది. "గోవిందా ఎక్కడిదయ్యా గ్రీకు దేశంలో" అని నేను కేకలేస్తే, "ఏ దేశంలో లేడండీ ఆయన?" అనేవాడు వాళ్ళ పెద్ద.

ఆయనే ఒకరోజు రిహార్సల్ ఆపేసి అడిగాడు. "మాస్టారూ, తమ్ముడి మీద మట్టేస్తే తప్పేంది? ఈ రాజుకి చెప్పేవోడే లేడా ఊళ్ళో?"

"చెప్పాల్సింది మీరే. ఊరి పెద్దలు మీరేగా."

"మా పాటలో రాజు చేసింది రైటే అని ఉంది మరి!"

"మొదట్లో అట్లాగే అంటారు. తర్వాత భయం తగ్గి మార్చుకుంటారు."

ఆయన తలూపాడు. "అచ్చం మా పంచాయితీ లాగానే ఉంది" అన్నాడు. ఆ రోజు నుంచి వాళ్ళకి పాట నేర్పక్కర్లేకపోయింది.

అక్క వేషానికి గుడివాడ వైపు నుంచి ఒక ఆర్టిస్టును పిలిపించాం. ముప్ఫై అయిదు దాటిన మనిషి. చిన్నప్పటి నుంచీ స్టేజీయే జీవనం. పద్యం లాగితే మూడు వన్స్ మోర్‌లు పడాల్సిందే. వాటిని విని పక్క ఊరివాళ్ళు మళ్ళీ బుక్ చేసుకునేవాళ్ళు. అంటే ఆమెకి వన్స్ మోర్ అన్నం కిందే లెక్క. ఆ సంగతి తెలిసే నేను మొదటిరోజే చెప్పాను.

"అమ్మాయ్, ఆఖరి పాట తర్వాత నువ్వు లేవకూడదు. ఊరంతా అరిచినా సరే."

"మంగళానిక్కూడానా మాస్టారూ?"

"మంగళమే లేదు."

ఆమె నా ముఖంలోకి చూసింది. "నేనింతవరకూ చచ్చిపోయి ఇంటికెళ్ళలేదండి" అంది. "చచ్చిపోతా, లేస్తా, హారతి పాడతా, అప్పుడెళ్తా."

"ఈసారి లేవకుండా వెళ్ళు."

"సరేనండి." తర్వాత అడిగింది, "అక్కడ నా దగ్గర ఎవురూ ఉండరా? చెల్లెలైనా?"

"ఉండరు. గుహలో ఒక్కదానివే."

"సరేనండి" అంది మళ్ళీ. పాట మాత్రం నేను కట్టినదానికంటే బాగా పాడింది. పత్తి బోరేల మధ్య ఆ నీలాంబరి వింటుంటే తబలా ఆయన వాయించడం మర్చిపోయేవాడు. ఆమె ఆగిపోయాక ఆ గోడౌనులో ఒక నిశ్శబ్దం ఉండేది. దానికోసమే నేను అన్నేళ్ళు కూర్చున్నాను.

మంగళం లేదన్న సంగతి ప్రెసిడెంటుగారికి ఆఖరివారంలో తెలిసింది. గోడౌనుకి పరుగెత్తుకొచ్చాడు.

"మంగళం లేకుండా ఊళ్ళోవాళ్ళని ఇళ్ళకి పంపిస్తారా? కొత్తగా జిన్నింగు మిషన్లు దింపానండీ బాబూ. ఏవన్నా అయితే?"

"కథలో అందరూ చచ్చిపోయారండి. మంగళం ఎవరు పాడతారు?"

"ఎవురో ఒకళ్ళు పాడండి! మీరన్నా పాడండి!"

పంతులుగారు మధ్యలోకి వచ్చి ఒక ఉపాయం చెప్పాడు. మంగళం పాడాలి గానీ చివర్నే పాడాలని ఎక్కడుంది? మొదట్లో ప్రార్థన అయిపోగానే దాన్నీ పాడేస్తే శుభం ముందే జరిగిపోతుంది. ప్రెసిడెంటుగారు ఆలోచించి, ఇంటికి వెళ్ళి ఆడవాళ్ళని అడిగి వచ్చి, సరేనన్నాడు. ఇందులో ఉన్న ప్రమాదం మా ముగ్గురిలో ఒక్కడికీ తోచలేదు.

ఆ ఆదివారం హైస్కూలు గ్రౌండులో జనం బాగానే చేరారు. పత్తి తీతలు అయిపోయిన రోజులు. చుట్టుపక్కల నుంచి ట్రాక్టర్ల మీద వచ్చారు. ముందు చాపల మీద ఆడవాళ్ళు, వెనక మగవాళ్ళు. ఇంకా ఎండ ఉంది. మేం ప్రార్థన పాడి, వెంటనే అందరం నిలబడి హారతి పళ్ళెం పట్టుకుని మంగళం పాడాం.

అప్పుడే గేటు దగ్గర ఇంకో ట్రాక్టరు వచ్చి ఆగింది. దిగినవాళ్ళు మంగళం విని ఆగిపోయారు. "అయిపోయిందంట పదండి" అని ఒకడు వెనక్కి తిరిగాడు. అది చూసి గ్రౌండులో సగం మంది లేచారు. ముందు వరసలో ఒక ముసలామె చాప చుట్టేసి, "ఇంతేనా? దీనికోసం గొడ్లకి కుడితి పెట్టకుండా వచ్చా" అని పైకే తిట్టింది.

ప్రెసిడెంటుగారు మైకు లాక్కున్నాడు. "ఎవరూ ఎళ్ళొద్దు! అయిపోలా! ఇప్పుడే మొదలు!"

"మంగళం పాడారుగా?" అని వెనక నుంచి కేక.

"పాడాం. నాటకం ఇంకా ఉంది!"

"మంగళం పాడాక నాటకమేందిరా?" అని ఎవరో అంటే గ్రౌండంతా నవ్వింది. నేను తలొంచుకుని హార్మోనియం మెట్లు చూస్తూ కూర్చున్నాను. వాళ్ళని మళ్ళీ కూర్చోబెట్టేసరికి వేషాల మీద రంగు చెమటకి కారుతోంది.

కానీ నాటకం పట్టుకుంది. ఇది నా గొప్ప కాదు, కథ గొప్ప. అక్క గుప్పెడు మట్టి తీసుకుని తమ్ముడి మీద వేసే చోట కీసర భజనవాళ్ళు తాళాలు ఆపేశారు. అక్కడ ఆపమని నేను చెప్పలేదు. ముందు వరసలో ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. పంతులుగారు రాజుగా నిలబడి శిక్ష పాడితే ఒకాయన వెనకనుంచి లేచి, "నువ్వు బడిపంతులివేనా అసలు?" అని అరిచాడు. పంతులుగారి శిష్యుల్లో ఒకడి తండ్రి అట.

గుహ రంగం వచ్చేసరికి పొద్దు వాలుతోంది. లైట్లు వేయొద్దని ముందే చెప్పాను. ఆమె నేల మీద కూర్చుని నీలాంబరి ఎత్తుకుంది. తెల్లచీర, చుట్టూ అట్టముక్కల రాళ్ళు. గోడౌనులో నాలుగడుగులు దాటని ఆ గొంతు ఆ రోజు గ్రౌండు చివర ట్రాక్టర్ల దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కి వస్తున్నట్టుంది. నేను శ్రుతి పట్టుకుని ఉన్నానే గానీ, వాయిస్తున్నానన్న స్పృహ లేదు. పాట సన్నగిల్లింది. ఒక చేయి తల కింద పెట్టుకుని, పడుకుని, మాట మధ్యలో ఆగిపోయింది.

నేను వేళ్ళు తీసేశాను. తిత్తి మూశాను.

నిశ్శబ్దం. నేను అన్నేళ్ళు కోరుకున్న నిశ్శబ్దం అది. అంత జనంలో ఒక చంటిపిల్ల కూడా ఏడవలేదు. స్టేజీకి రెండో పక్క తెర రెక్కల చాటున పంతులుగారు రాజు వేషంలో నోరు తెరవడానికి సిద్ధంగా నిలబడి ఉన్నాడు. ఇంకొక్క క్షణం. ఆ క్షణం దాటితే చాలు నాకు.

"వన్స్ మోర్!"

ముందు ఒక్క గొంతు. ఆడగొంతు. తర్వాత ఇంకొకటి. తర్వాత గ్రౌండంతా. ఈలలు లేవు, చప్పట్లు లేవు, ఒకటే కేక. నేను తల అడ్డంగా ఊపాను. జనం వంక చూసి రెండు చేతులూ ఎత్తి వద్దని చూపించాను. ఎవరూ నన్ను చూడలేదు. రెక్కల చాటున పంతులుగారి చేయి గాలిలో ఊగింది. అది నేను కళ్ళారా చూశాను.

ఆమె లేచింది.

దణ్ణం పెట్టలేదు. కూర్చుని నా వంక చూసింది, శ్రుతి కోసం. నేను హార్మోనియం ముట్టుకోలేదు. చేతులు కట్టుకుని కూర్చున్నాను. ఆమె కాసేపు చూసి, శ్రుతి లేకుండానే ఎత్తుకుంది. రెండో చరణానికి తబలా కలిసింది, నా పక్కన కూర్చున్న మనిషి, నన్నడక్కుండా. తర్వాత కీసర తాళాలు కలిశాయి. స్టేజీ మీద అందరూ ఆ పాటలో ఉన్నారు, కట్టినవాణ్ణి నేను తప్ప.

పాట పూర్తిచేసి ఆమె మళ్ళీ పడుకుంది. మళ్ళీ అరిచారు. మళ్ళీ లేచింది. ఆ తర్వాత రాజు ప్రవేశం లేదు, నోరు తెరవడం లేదు. భజనవాళ్ళే మంగళం ఎత్తుకున్నారు, గోవిందాతో సహా. ప్రెసిడెంటుగారు పరుగున హారతి పళ్ళెం వెలిగించి తెచ్చాడు. రాజూ, అక్కా, చచ్చిపోయిన తమ్ముళ్ళూ వరసగా నిలబడ్డారు. మంగళం వద్దన్న నాటకానికి రెండు మంగళాలు పాడారు.

నేను లేచి, "ఇది అన్యాయం" అన్నాను. మైకు నా దగ్గర లేదు. హార్మోనియం పెట్టెలో పెట్టుకుని వెనకనుంచి దిగి బస్టాండుకి వెళ్ళిపోయాను. జగ్గయ్యపేట బస్సులో పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే కండక్టరు, "నాటకం బాగా ఆడిందటగా?" అన్నాడు. ఆ వార్త అప్పుడే బస్సెక్కేసింది, నాకంటే ముందు.

పంతులుగారు మర్నాడే వచ్చాడు. నా గది ముందు నిలబడి, "నేను లేవమనలేదయ్యా" అన్నాడు.

"నీ చెయ్యి ఊగడం చూశాను."

"ఊపాను. అయితే..."

"ఆఖర్న నీకు పాట లేదని లోపల గుర్రు ఉండే ఉంటుంది. నీ చేత్తో లేపావు. పో."

అంత గొంతున్న మనిషి ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు. ఆ తర్వాత రెండుమూడు మార్లు కబురు చేశాడు. నేను వెళ్ళలేదు. నాటకాలూ మానేశాను. ఆ నాటకాన్ని మళ్ళీ ఆడతామని వేరే ఊళ్ళవాళ్ళు అడిగినా, ఇవ్వలేదు. నాకు తెలిసి అది ఆ ఒక్కసారే ఆడింది.

ఆ తర్వాత కాలంలో చెప్పుకోవాల్సింది ఎక్కువ లేదు. హార్మోనియాలు బాగుచేసే పని పెట్టుకున్నాను. గుళ్ళవి, చర్చీలవి వచ్చేవి. రెండువేలు దాటాక అవీ తగ్గాయి. ఒక్కోరోజు మనిషి గొంతు వినాలనిపిస్తే పొద్దున్నే టీ కొట్టుకి పోయేవాణ్ణి. వేదాద్రి రేవుకి మాత్రం అప్పుడప్పుడూ వెళ్ళేవాణ్ణి, పెట్టె లేకుండా. రాజు నోరు తెరిచే ఆ ఒక్క క్షణాన్ని అక్కడ కూర్చుని మనసులో ఆడించుకునేవాణ్ణి. తెర దిగేది. జనం ఏం చేశారో మాత్రం కనిపించేది కాదు. అది ఊహించుకోవడం నా చేతకాలేదు.

కొన్నేళ్ళకి పంతులుగారు పోయాడని తెలిసింది. తెలిసేసరికి దహనం కూడా అయిపోయింది. పెద్దకర్మ నాడు వెళ్ళాను. వాళ్ళావిడ నన్ను చూసి, "ఇప్పుడొచ్చారా అన్నయ్యగారూ" అంది. షామియానా కింద భోజనాలకి కూర్చుంటే నాటకాలవాళ్ళం ఒక వరసకి కూడా చాల్లేదు. నా పక్క కుర్చీలో ఒకావిడ వచ్చి కూర్చుంది. జుట్టు నెరిసింది, కళ్ళజోడు పెట్టింది. "బాగున్నారా మాస్టారూ?" అనగానే గొంతు గుర్తుపట్టాను.

స్టేజీ మానేసి చాలాకాలమైందట. పెనుగంచిప్రోల్లో గాజులూ కుంకుమా అమ్ముకునే కొట్టు పెట్టుకుందట. ఆటోలో వచ్చానంది. ఆకులో వడ్డించిన పాయసం తినకుండా నేను అడిగేశాను. అన్నేళ్ళు లోపల పెట్టుకున్న మాట, పలకరింపు కూడా లేకుండా బయటికి వచ్చింది.

"ఆ రోజు నిన్ను లేవమన్నదెవరు? పంతులేగా? చెయ్యి ఊపడం నేను చూశాను."

ఆమె చేయి కడుక్కోవడానికి లేవబోయి మళ్ళీ కూర్చుంది. వడ్డించేవాళ్ళు దాటిపోయేదాకా ఆగింది. తర్వాత, ఎదురుగా దండ వేసి పెట్టిన పంతులుగారి ఫొటో వంక చూస్తూ అన్నది ఇదీ:

"ఆయన లేవొద్దనే ఊపారు మాస్టారూ. ఆయన్ననకండి. నేనూ లేవగూడదనే పడుకున్నా. మీరు వాళ్ళు పాట అడిగారనుకున్నారు. పాట అడిగేటప్పుడు ఈలలేస్తారండి, ఆ ఈలల మీదే బతికిందాన్ని, నాకు తెలీదా? ఆ రోజు ఈల ఒక్కటి పడలా. ఆ పిల్ల అట్టా ఒక్కతే చచ్చిపోవటం చూడలేక అరిచారు. చచ్చిపోయినదాన్ని లేపటానికి వాళ్ళ దగ్గరున్న మాట అదొక్కటే. మీరు చచ్చిపొమ్మన్నారు, అంతమంది లేవమన్నారు. మీరే చెప్పండి, మీరైతే ఎవరి మాట వినేవాళ్ళు?"